రెండు పెన్నీల తలుపు

"అబ్బేకి పోదాం నాన్నా" అంటే, సోఫాలోంచి కదలకుండానే "అబ్బే, నేను రాను" అన్నాడు మా నాన్న. ఆ వారంలో ఆ జోకు వెయ్యడం నాలుగోసారి.

ఆయన పిడుగురాళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా తాపీ పని చేసిన మనిషి. డాంకాస్టర్‌లో మా ఇంటికి వచ్చి అప్పటికి నెలన్నర. లండన్ చూశాడు, సముద్రం చూశాడు, ఇక వాన తప్ప చూడ్డానికేం లేదని తీర్మానించుకున్నాడు. మా ఇంటికి అరగంట దూరంలో, మాల్ట్‌బీ అనే ఊరి పక్కన, రోచ్ అబ్బే అని ఓ పాడుబడ్డ మఠం ఉంది. అంతా రాతి కట్టడమే అని చెప్పాకగానీ బూట్లు వేసుకోలేదు.

దారి లోయలోకి దిగుతుంది. రెండు పక్కలా తెల్లటి సున్నపురాతి గుట్టలు, మధ్యలో వాగు, వాగు ఒడ్డున పచ్చగడ్డి. ఆ గడ్డిలోంచి మోకాలెత్తు గోడలు కొన్ని, వాటి చివర ఒక్కసారిగా మూడంతస్తుల ఎత్తున రెండు గోడలు. మిగతా చర్చి అంతా నేలమట్టం. అమ్మ బెంచీ మీద కూలబడింది. నాన్న మాత్రం ఆ గోడ దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి ఆనించి, గోరుతో దర్జు గీకి చూశాడు. "మన రాయేనమ్మాయ్. సున్నపురాయి. కొట్టినోడు పనోడే, దర్జులో బ్లేడు కూడా పట్టదు." తల పైకెత్తాడు. "కప్పేది?"

"పాతది కదా నాన్నా. తొమ్మిది వందల ఏళ్ళకు దగ్గర పడుతోంది. కాలానికి పోయుంటుంది."

ఆయన నన్ను చూసిన చూపు, ఇసక సరిగ్గా జల్లెడ పట్టని కూలీని చూసే చూపు. "గోడ నిలబడిందిగా. గోడ నిలబడినకాడ కప్పు ఎందుకు పోద్ది? ఎవురో పీకారు."

అప్పటికి ఆ చోటికి నేను మూడుసార్లు వెళ్ళాను. ఫొటోలు పెట్టాను, కింద "కాలగర్భంలో కలిసిన వైభవం" లాంటివేవో రాశాను. కప్పు ఏమైందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు కాలం మీద కాదు, ఆ మాట మీద కోపం వచ్చింది. శిథిలం కనబడగానే కాలం మీదికి నెట్టేయడం మనకి బాగా అలవాటు. కాలానికి నిచ్చెనలుండవు, గడ్డపారలుండవు, కొనుగోలు రశీదులూ ఉండవు. రోచ్ మఠాన్ని కూల్చినవాళ్ళ దగ్గర అవన్నీ ఉన్నాయి.

ముందు కట్టినవాళ్ళ సంగతి. 1098లో ఫ్రాన్స్‌లోని బర్గండీ అడవుల్లో, సీతో అనే చోట, కొందరు క్రైస్తవ సన్యాసులు కొత్త మఠం పెట్టుకున్నారు. పాత మఠాల్లో తిండి ఎక్కువైంది, నగిషీ ఎక్కువైంది, పని తగ్గిపోయిందని వాళ్ళ బాధ. ఆ ఊరి లాటిన్ పేరు మీదే వాళ్ళని సిస్టర్షియన్లు అంటారు. రంగు వెయ్యని ఉన్నితో నేసిన అంగీలే కట్టేవాళ్ళు. ఈ మాట చెప్తే నాన్న వెంటనే "గొంగడి లాగానా" అన్నాడు. అలాగే, కాకపోతే వీళ్ళది తెల్ల గొర్రెల ఉన్ని. మనుషులకి దూరంగా ఉండాలి, ఒంటితో పని చెయ్యాలి, అర్ధరాత్రి దాటాక లేచి ప్రార్థన చెయ్యాలి. ఇంగ్లండులో అలాంటి మఠాలకి యార్క్‌షైర్ లోయలు బాగా నచ్చాయి. 1132లో ఫౌంటెన్స్ మఠం మొదలైంది, దాని బిడ్డ న్యూమిన్‌స్టర్, న్యూమిన్‌స్టర్ బిడ్డ ఈ రోచ్. 1147లో. ఒక మఠం నుంచి పదీ పన్నెండుమంది బయల్దేరి ఇంకోటి పెట్టడం వాళ్ళ పద్ధతి, వేరు కాపురం పెట్టినట్టు.

రోచ్‌కి స్థలం ఇచ్చింది ఒకళ్ళు కాదు, ఇద్దరు. వాగుకి ఇవతలి గట్టు రిచర్డ్ ద బుస్లీది, అవతలి గట్టు టర్జిస్ కొడుకు ఇంకో రిచర్డ్‌ది. మీకు ఏ గట్టున కావాలంటే ఆ గట్టున కట్టుకోండి, పుణ్యం మాత్రం ఇద్దరికీ సమానం అని రాసిచ్చారు. పొలం గట్ల తగాదాలు చూసిన వాళ్ళకి ఆ పత్రం ముచ్చటగా ఉంటుంది. మఠం వెనకున్న గుట్టల మీదే దానికి ఆ పేరు, రోచ్ అంటే ఫ్రెంచిలో రాయి. ఆ గుట్టల రాయితోనే కట్టారు. ఇప్పుడు నిలబడ్డ ఆ రెండు ఎత్తు గోడలు 1170ల ప్రాంతంలోవి. మొనదేలిన కమానులు ఉత్తర ఇంగ్లండులో మొట్టమొదట కనబడిన చోట్లలో ఇదొకటి.

సన్యాసులు కదా, పాపం అని నేను కన్నీళ్ళు పెట్టించబోవడం లేదు. వాళ్ళు వ్యాపారస్తులు కూడా. చదువురాని మనుషుల్ని 'తమ్ముళ్ళు' అని వేరే వరసగా చేర్చుకుని, పొలం పనీ గొర్రెల పనీ ఎక్కువగా వాళ్ళతోనే చేయించారు. వాళ్ళకి చర్చిలో కూడా వేరే భాగమే. రోచ్‌కి అమ్మమ్మ వరసైన ఫౌంటెన్స్‌లో ఉన్ని ఎంత పండేదంటే ఇటలీ వర్తకులు ఏళ్ళ ముందే అడ్వాన్సులిచ్చి కొనేసేవాళ్ళు. గొర్రె ఇంకా పుట్టలేదు, దాని ఉన్ని అమ్ముడైపోయింది. మిర్చి మొక్క పూత మీద ఉండగానే పంట తాకట్టు పెట్టిన రైతు ఎవరైనా తర్వాతి కథ చెప్పగలడు. 13వ శతాబ్దం చివర్లో గొర్రెలకి గజ్జి వచ్చింది, ఉన్ని రాలేదు, ఆ మఠం అప్పు ఆరు వేల పౌండ్లు దాటింది. ఇంకో మఠం, ఓల్డ్ బైలండ్ అనే ఊళ్ళో, ఏకాంతం కోసం ఊరినే పక్కకి జరిపించింది. ఏకాంతం ఊరికే దొరకదు, ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి.

తర్వాత ప్లేగు వచ్చింది. 14వ శతాబ్దం చివరికి రోచ్‌లో 14 మంది సన్యాసులూ ఒకే ఒక్క పనితమ్ముడూ మిగిలారు. అంటే పడగొట్టిన రోజుకి ఇది మహావైభవంతో వెలుగుతున్న సంస్థేం కాదు. ఓ మోస్తరు ఆదాయం, కొద్దిమంది మనుషులు, పెద్ద భవనం. మన పల్లెల్లో పిల్లలంతా హైదరాబాదూ అమెరికా వెళ్ళిపోయాక మిగిలిన లోగిళ్ళ లాగా. కానీ కప్పు కారట్లేదు, గంటలు మోగుతున్నాయి.

1536లో ఎనిమిదో హెన్రీ, ఆయన మంత్రి థామస్ క్రామ్‌వెల్, ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న మఠాలన్నిటినీ రద్దు చేశారు. రోచ్ ఆ గీతకి కాస్త పైన ఉండి బతికిపోయింది. రెండేళ్ళే. 1538 జూన్ 23న అబ్బాట్, అంటే మఠాధిపతి, హెన్రీ కండల్, మిగతా వాళ్ళంతా కలిసి ఓ పద్దెనిమిది మంది, సంతకాలు పెట్టి బయటికొచ్చారు. 1540 నాటికి దేశంలో ఉన్న సుమారు 800 మఠాలదీ ఇదే గతి. పాఠ్యపుస్తకంలో కథ ఇక్కడితో అయిపోతుంది. దోషి దొరికాడు, రాజు. పెళ్ళాల గొడవలో పోప్‌తో చెడిన, ఖజానా ఖాళీ అయిన రాజు.

కానీ రాజు వచ్చి కప్పు పీకలేదు. అది ఎవరు పీకారో మనకి తెలుసు, ఎందుకంటే ఒకాయన రాసిపెట్టాడు. పేరు మైకేల్ షెర్‌బ్రూక్. రోచ్‌కి దగ్గర్లోనే వికర్స్‌లీ అనే ఊళ్ళో ఫాదర్. మఠం మూసేసినప్పుడు పసివాడు. దశాబ్దాల తర్వాత, ఆ రోజు అక్కడే ఉన్న తన బాబాయి చెప్పింది, తన తండ్రి చెప్పింది, తను చూసింది కలిపి రాసుకున్నాడు. పాత రోజుల మీద ఆయనకి బెంగ ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువ చేసి రాసుండొచ్చు అని చరిత్రకారులు జాగ్రత్త పడతారు. పడనీండి. ఈ తలుపు కథ మాత్రం కల్పించి రాసేది కాదు.

మఠం మూసిన రోజు సన్యాసులకి ఎవరి గది వాళ్ళకి ఇచ్చేశారు. గది అంటే అందులో ఉన్న సామాను, ఓ మంచం, నాలుగు బట్టలు. ఓ సన్యాసి, బాబాయికి తెలిసినవాడు, ఏదైనా కొనుక్కోమని బతిమాలాడు. నాకు పనికొచ్చేదేం లేదయ్యా ఇక్కడ అన్నాడు బాబాయి. పోనీ ఈ తలుపు తీసుకో, రెండు పెన్నీలివ్వు చాలు, ఇది చేయించడానికి ఐదు షిల్లింగులకు తక్కువ కాలేదు అన్నాడు సన్యాసి. ఐదు షిల్లింగులంటే అరవై పెన్నీలు. ముప్పయ్యో వంతుకి తెగనమ్ముతున్నాడు. బాబాయి వద్దన్నాడు. కుర్రాడు, పెళ్ళి కాలేదు, ఇల్లు లేదు, తలుపేం చేసుకుంటాడు?

ఇది చదివిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో దుర్మార్గుడు లేడు. ఒకడికి చేతిలో చిల్లర కావాలి, ఇంకోడికి తలుపు అక్కర్లేదు. బయట ఓ నాగరికత కూలిపోతోంది, లోపల ఇద్దరు తెలిసినవాళ్ళు పాత సామాను బేరం ఆడుకుంటున్నారు.

బాబాయి కొనకపోయినా తలుపు మిగల్లేదు. మర్నాటి నుంచీ ఎవడికి దొరికింది వాడు పట్టుకుపోయాడు. తాళాలు పీకారు, తలుపులు ఊడదీశారు. చర్చిలో పడున్న ప్రార్థన పుస్తకాలు తీసుకెళ్ళి బండ్లకి అతుకులేసుకున్నారు. తోలు మీద చేత్తో రాసిన పుస్తకాలవి, ఒక్కోటి రాయడానికి ఎన్ని నెలలు పట్టిందో. బండికి అతుకుగా భేషుగ్గా ఉండుంటాయి, వాన నీరు దిగదు. ఏమీ కొనడానికి డబ్బుల్లేనివాళ్ళు గోడల్లోని ఇనప కొక్కేలు లాక్కున్నారు. ముందు చర్చి పోయింది, తర్వాత అబ్బాట్ ఇల్లు, పడక గదులు, భోజనశాల. గోడకి బయటున్న ఎడ్ల కొట్టాలనీ పందుల దొడ్లనీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అసలు చర్చి కన్నా వాటికే ఎక్కువ మర్యాద దక్కిందని షెర్‌బ్రూక్ దెప్పుతాడు. నాకైతే అందులో వింతేం కనబడలేదు. రేపు పొద్దున ఎద్దుని కట్టేయాలి కదా.

ఇక నాన్న అడిగిన కప్పు. అది సీసం రేకుల కప్పు. మఠాలన్నిటిలోనూ రాజుకి నికరంగా కావలసింది అదీ, గంటల కంచూ. రేకుల్ని పైనుంచి పీకి చర్చి లోపలికి విసిరేశారు, కింద సమాధులు పగిలిపోయాయి. పీకిన సీసాన్ని అక్కడే కరిగించి దిమ్మలు పోయాలి. దానికి పొయ్యి కావాలి, పొయ్యికి కట్టె కావాలి. చుట్టూ అడవి. బాణం వేస్తే పడేంత దూరంలో కావలసినన్ని కట్టెలు. అయినా సన్యాసులు కూర్చుని ప్రార్థనలు చేసిన చెక్కడపు ఆసనాల్నే విరగ్గొట్టి మంట పెట్టారట. అడవిదాకా నడవడం ఎందుకు, ఇక్కడే ఎండిన టేకులాంటి కర్ర ఉండగా.

ఆ దిమ్మల గురించి ఓ చిన్న పిట్టకథ. రోచ్‌కి ఉత్తరాన రివో అనే ఇంకో సిస్టర్షియన్ మఠంలో అలా పోసిన సీసం దిమ్మలు కొన్ని, తరలించేలోపే పడమటి గోడ కూలి వాటి మీద పడడంతో, దాని కింద ఉండిపోయాయి. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1920లలో మట్టి తీస్తుంటే బయటపడ్డాయి. వాటిని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో 'ఐదుగురు అక్కచెల్లెళ్ళు' అని పిలుచుకునే గాజు కిటికీ బాగుచెయ్యడానికి వాడారు. రాజు కోసం పీకిన సీసం తిరిగి గుడికే చేరిందన్నమాట. ఇలాంటివి దొరికినప్పుడు మనసుకి ఎంత హాయిగా ఉంటుందో, అంత అనుమానమూ పడాలి. తక్కిన వేల దిమ్మలు ఎక్కడికి చేరాలో అక్కడికే చేరాయి.

కప్పు పోయాక గోడ ఎందుకు పడిందో నాన్నే చెప్పాడు. అటూ ఇటూ చెక్కిన రాయి, మధ్యలో సున్నంతో రాళ్ళూరప్పల కూరుడు. పైన కప్పు ఉన్నంతకాలం నీళ్ళు లోపలికి పోవు. కప్పు తీస్తే గోడ నెత్తి మీది నుంచి నీళ్ళు దిగి లోపలి సున్నం మెత్తబడుతుంది. ఇక్కడ చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి నాన్నా అని నేను కలిపాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇంకేముంది, లోపలినుంచి గునపం పెట్టినట్టే" అన్నాడు. కాలం వచ్చింది ఇక్కడ. తాళం పగలగొట్టాక వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. షెర్‌బ్రూక్ తండ్రి ఆ చర్చి కలపలో కొంత, గంటల గోపురం కలప మొత్తం, మరికొందరితో వాటా కలిసి కొన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత కొడుకు అడిగాడు. ఆ సన్యాసుల మీద, అప్పటి మతం మీద నీకు మంచి అభిప్రాయమే ఉండేదా అని. ఉండేది, లేకపోవడానికి కారణమేం కనబడలేదు అన్నాడు తండ్రి. మరి మంచిదనుకున్నదాన్నే పాడు చెయ్యడానికి అంత తొందరగా ఎలా సిద్ధపడ్డావు అన్నాడు కొడుకు. ఏం చెయ్యమంటావు, ఎటూ అంతా పోయేదేనని కనబడుతూనే ఉంది, నలుగురితో పాటు నాకూ నాలుగు రాళ్ళు రాకూడదా, అందరూ చేసిందే నేనూ చేశాను అన్నాడు తండ్రి.

నా వాదన అంతా ఈ జవాబులోనే ఉంది. మఠాల నాశనం గురించి రెండు పక్షాలు పోట్లాడుకుంటాయి. సన్యాసులు చెడిపోయారు కాబట్టి జనం విసిగి కూల్చారని ఒక పక్షం. భక్తుల గుండెల మీద రాజు గునపం దించాడని ఇంకో పక్షం. రోచ్‌లో జరిగింది ఈ రెండూ కాదు. రాజు పైనుంచి ఒక్క తాళం తీశాడు. మిగతాది చేసింది శత్రువులు కాదు, మొన్నటిదాకా అక్కడే మోకరిల్లిన పక్క ఊరివాళ్ళు. వాళ్ళకి ద్వేషం అవసరం లేకపోయింది. ఇది ఎటూ పోయేదే అన్న నమ్మకం ఒక్కటి చాలింది. ఆ నమ్మకం వచ్చాక, ముట్టుకోనివాడు పుణ్యాత్ముడు కాదు, చేతగానివాడు.

అలాగని రాజుని వదిలెయ్యమనడం లేదు. తాళం తీసినవాడి తప్పు ఎప్పుడూ పెద్దదే. కానీ అతన్ని తిట్టి ఇంటికెళ్ళిపోవడం చాలా తేలిక. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి ఫలకాల ముందు నిలబడి నేనూ అలాగే ఇంగ్లీషువాళ్ళని తిట్టి, పోస్టు రాసి, లైకులు లెక్కపెట్టుకున్నాను. పట్టుకెళ్ళింది నిజమే, తిట్టాల్సిందే. కానీ 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ ఆ అమరావతి స్తూపం దిబ్బ చూడ్డానికి వచ్చేటప్పటికే, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కట్టుబడికి అక్కడ రాయీ ఇటుకా తవ్వుకుంటున్నారు. బుద్ధుడి కథలు చెక్కిన ఫలకాలు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. ఈ ముక్క నా పోస్టులో లేదు.

రోచ్‌కి ఇంకో చావు బాకీ ఉంది. 1774లో ఈ లోయ స్కార్‌బరో ప్రభువు చేతిలో ఉంది. ఆయన పక్కనే ఉన్న శాండ్‌బెక్ తోటతో పాటు దీన్నీ తీర్చిదిద్దమని కేపబిలిటీ బ్రౌన్‌కి కాంట్రాక్టు ఇచ్చాడు. ఆ రోజుల్లో తోటలు వెయ్యడంలో బ్రౌన్‌ని మించినవాడు లేడు. కవి హృదయంతో, చిత్రకారుడి కంటితో పని పూర్తి చెయ్యాలి అని అగ్రిమెంటులోనే రాసుకున్నారు. కవి హృదయం ఏం చేసిందంటే, మిగిలిన గోడల్ని చదును చేసి, మట్టి పోసి, పైన గడ్డి పరిచింది. ఆ రెండు ఎత్తు గోడల్ని మాత్రం బొమ్మల్లా నిలబెట్టింది. విలియం గిల్పిన్ అనే ఆయన, అందమైన శిథిలాలంటే పడిచచ్చేవాడు, చూడ్డానికి వచ్చి, చుట్టూ ఇలా నున్నగా చేస్తే అది శిథిలంలా ఎలా ఉంటుందని విసుక్కున్నాడు. ఆయన బాధ కూడా కట్టడం గురించి కాదు, సీనరీ గురించి. గడ్డి కింద పడుకున్న పునాదుల్ని మళ్ళీ వెలికి తీసింది 1920లలోనే. తమాషా ఏంటంటే, బ్రౌన్ పూడ్చిపెట్టడం వల్లే కావచ్చు, ఇంగ్లండులో సిస్టర్షియన్ మఠం మొత్తం ప్లాను ఇంత పూర్తిగా కనబడే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. భోజనశాల ఎక్కడ, వంటిల్లు ఎక్కడ, మరుగుదొడ్ల కింద నుంచి వాగు ఎలా పోయేది, అన్నీ నడిచి చూడొచ్చు. నాన్న ఆ మరుగుదొడ్ల ఏర్పాటు దగ్గర గడిపినంతసేపు చర్చిలో గడపలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక షెర్‌బ్రూక్ రాసిన తండ్రీకొడుకుల మాటలు నాన్నకి తెలుగులో చెప్పాను. అరటిపండు వలుచుకుంటూ విన్నాడు. "ఆయన ఏం పని చేసేవోడు?" అన్నాడు. తెలియదన్నాను. "కలప కొన్నాడంటే వడ్రంగో, ఇల్లు కట్టేవోడో అయ్యుంటాడు" అన్నాడు. కొంచెం ఆగి, "మన బండ గుర్తుందా నీకు?" అన్నాడు.

గుర్తుంది. మా నాయనమ్మ ఇంట్లో బావి పక్కన బట్టలుతికే బండ. ఊరి పేరు రాయను. పైన అరిగిపోయి నున్నగా ఉండేది, స్నానం చేసేటప్పుడు కింది అంచు తడిమితే రేకులు తగిలేవి. తామర పువ్వు, సగం. మిగతా సగం నేలలో. చిన్నప్పుడు ఆ రేకుల్లో సబ్బు ముక్కలు దాచేదాన్ని. అది ఊరి చివర కూలిన మండపంలో రాయని నాకు ఆ రాత్రిదాకా తెలియదు.

"మా అయ్య తెచ్చాడు, రెండెడ్ల బండి మీద. నేను బండి వెనక నడిచా, రాయి జారకుండా పట్టుకొని."

"తప్పనిపించలేదా?"

"దేవుడే లేడు అందులో. అప్పటికే పెద్దింటోళ్ళ అరుగు మొత్తం ఆ మండపమే. మా అయ్య తెచ్చింది ఒక్క బండ." అరటిపండు తొక్క పళ్ళెంలో పెట్టాడు. "మీ నాయనమ్మ మాత్రం ముందు పసుపూ కుంకుమా పెట్టి, ఆ తర్వాతే బట్టలుతికింది."

మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి ఆ బండ ఏమైందని అడిగాను. పాత ఇల్లు తీసేసి స్లాబు వేసుకున్నప్పుడు గేటు ముందు ర్యాంపులో వేశారట, కారు ఎక్కడానికి. మంచి గట్టి రాయక్కా, ఇప్పటికీ కదల్లేదు అన్నాడు.

"పువ్వు పైకుందా, కిందికుందా?"

"ఏం పువ్వు?" అన్నాడు.